సీటు వచ్చింది, కాలేజీలో చేరలేదు

సంపాదకులకు నమస్కారం.

పరీక్షలు దగ్గరపడుతున్నాయంటే మీ పత్రికలో చదివే పద్ధతుల గురించి, టెన్షన్ తగ్గించుకునే మార్గాల గురించి వ్యాసాలు వస్తాయి. మంచివే. ఇరవై రెండేళ్లుగా హైస్కూల్లో పాఠాలు చెబుతున్నాను, వాటిని కత్తిరించి నోటీసు బోర్డుకి అంటిస్తుంటాను కూడా. అయితే పరీక్ష రాయడానికీ కాలేజీలో అడుగుపెట్టడానికీ మధ్య ఇంకో పెద్ద పని ఉంది. దరఖాస్తులు, గడువులు, సర్టిఫికెట్లు, సిఫారసు లేఖలు, ఆర్థిక సాయం ఫారాలు. ఈ పని ఎవరిదో ఎక్కడా రాసి లేదు. తల్లిదండ్రులు చూసుకుంటారని స్కూలు అనుకుంటుంది. స్కూలు చూసుకుంటుందని తల్లిదండ్రులు అనుకుంటారు. పెద్దవాళ్లు చూస్తున్నారు కదా అని పిల్లలు ధీమాగా ఉంటారు.

మూడేళ్ల కిందట నా క్లాసులో ఒక అమ్మాయి ఉండేది. వాళ్ల ఇంట్లో కాలేజీ దాకా వచ్చిన మొదటి మనిషి తనే. సిఫారసు లేఖ నేనే రాశాను. సీటు వచ్చిందని తెలిసిన రోజు స్టాఫ్ రూముకి పరుగెత్తుకుంటూ వచ్చింది. నా పని అక్కడితో అయిపోయిందనుకున్నాను. సెలవుల్లో కాలేజీ నుంచి ఆమెకు మూడు మెయిళ్లు వెళ్లాయి. సీటు ఖరారు చేసుకోమని ఒకటి, టీకాల రికార్డు పంపమని ఒకటి, హాస్టల్ అడ్వాన్సు కట్టమని ఒకటి. దరఖాస్తులో తను ఇచ్చింది స్కూలు మెయిల్ ఐడీ. చదువు పూర్తయిన పిల్లల ఐడీలను స్కూలు రెండు వారాలకే ఆపేసింది. ఆ మూడు మెయిళ్లూ ఎవరూ తెరవని పెట్టెలోకి పోయాయి. గడువు దాటిన తొమ్మిది రోజులకు విషయం తెలిసింది. కాలేజీ వాళ్లు మర్యాదగానే మాట్లాడారు, సీటు మాత్రం వేరొకరికి ఇచ్చేశామన్నారు. ఆ పిల్ల ఏడాది ఆగి మళ్లీ మొదటి నుంచి దరఖాస్తు పెట్టుకుంది. ఇందులో ఆమె తెలివితక్కువతనం ఏమీ లేదు. పద్దెనిమిదేళ్ల పిల్లకి ఎవరో ఒకరు ముందే చెప్పి ఉండాల్సిన చిన్న మాట అది. ఆ ఎవరో ఒకరు నేనే కావాల్సింది.

నేనిది ఒక్క పిల్ల కథగా రాయడం లేదు. సీటు వచ్చి, చేరతామని చెప్పి, సెలవుల్లో జారిపోయే పిల్లలు ఎంతమంది అంటే, అమెరికాలో పరిశోధకులు దానికి 'సమ్మర్ మెల్ట్' అని ఒక పేరే పెట్టారు. ఎండకు మంచు కరిగినట్టు సెలవుల్లో పిల్లలు కరిగిపోతారని. జారిపోయేవాళ్లలో ఎక్కువమంది డబ్బు లేని ఇళ్ల పిల్లలు, ఇంట్లో కాలేజీ చదువు ఎరగని పిల్లలు. కారణాలు చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియదు. ఒక ఫారం నింపలేదు, ఒక బిల్లు అర్థం కాలేదు, ఫలానా తేదీన ఓరియెంటేషన్ ఉందని తెలియలేదు. ఆ రెండు మూడు నెలల్లో పిల్లవాడు స్కూలుకి పాత విద్యార్థి, కాలేజీకి ఇంకా కొత్త విద్యార్థి కాడు. ఎవరి రిజిస్టర్లోనూ ఉండడు. ఫలానా పని ఫలానా తేదీలోగా చెయ్యి అని ఫోన్లకు చిన్న మెసేజ్‌లు పంపి చూస్తే కొన్నిచోట్ల చేరేవాళ్ల సంఖ్య పెరిగింది. అంత చవకైన పని అది.

స్కూళ్లలో కౌన్సెలర్లు ఉన్నారు కదా అంటారు. ఉన్నచోట సంతోషం. అమెరికాలో స్కూలు కౌన్సెలర్ల సంఘం ఒక్కొక్కరికి 250 మంది విద్యార్థులు మించకూడదంటుంది. అక్కడి జాతీయ సగటు 370కి పైనే ఉంది. ఆ ఒక్క మనిషే టైమ్ టేబుల్ చూడాలి, ఏడుస్తూ వచ్చిన పిల్లని ఓదార్చాలి, కాలేజీ దరఖాస్తులకు స్కూలు తరఫున రిపోర్టులూ పంపాలి. కౌన్సెలర్ అనే ఉద్యోగమే లేని స్కూళ్లలో పరిస్థితి వేరే చెప్పాలా?

ఇక దరఖాస్తుల సంగతి. అమెరికాలో 1975లో 15 కాలేజీలు కలిసి 'కామన్ అప్లికేషన్' అనే ఉమ్మడి దరఖాస్తు మొదలుపెట్టాయి. ఇవాళ వెయ్యికి పైగా కాలేజీలు దాన్ని తీసుకుంటున్నాయి. ఒకే ఫారం కాబట్టి సులువు అనిపిస్తుంది. అందులో 650 పదాలు మించకుండా ఒక వ్యాసం రాయాలి, మీ గురించి మీరే. ఇక్కడే ఇళ్ల మధ్య తేడా బయటపడుతుంది. డబ్బున్న ఇంట్లో ఆ వ్యాసాన్ని ఒక కన్సల్టెంట్ ఆరుసార్లు దిద్దిస్తాడు. లేని ఇంట్లో పిల్లవాడు రాత్రి పదకొండింటికి ఫోన్లో రాసి పంపేస్తాడు. ఈ మధ్య ఏఐ కూడా తోడైంది. అది రాసిన వ్యాసాల్లో పిల్లలందరూ ఒకే ఓటమి నుంచి ఒకే పాఠం నేర్చుకుంటున్నారు, చదవలేక చస్తున్నాను. బ్రిటన్‌లో యూనివర్సిటీ దరఖాస్తులు తీసుకునే యూకాస్ సంస్థ ఈ ఇబ్బందిని గుర్తించింది. 2026లో చేరే బ్యాచ్ నుంచి పెద్ద వ్యాసం బదులు మూడు ప్రశ్నలు పెట్టింది. ఈ కోర్సు ఎందుకు, దీనికి మీ చదువు మిమ్మల్ని ఎలా తయారు చేసింది, చదువు బయట ఏం చేశారు అని. మొత్తం 4,000 అక్షరాల పరిమితి మారలేదు. ఏం అడుగుతున్నారో తెలిస్తే పిల్లలు నిజంగానే బాగా రాస్తారు. మా పిల్లలకు నేనూ ఇలాంటి ప్రశ్నలే ఇస్తున్నాను.

ఆర్థిక సాయం ఫారం ఇంకో అడవి. అమెరికాలో ఫాఫ్సా అనే ఉచిత ఫారం ఒకటుంది. ప్రభుత్వ గ్రాంటుకైనా లోనుకైనా అదే దారి. వందకు పైగా ఉన్న ప్రశ్నలను తగ్గించి సులువు చేస్తామన్నారు. మామూలుగా అక్టోబరులో తెరుచుకోవాల్సిన ఆ కొత్త ఫారం 2023లో డిసెంబరు చివరికి గానీ రాలేదు. వచ్చాక కూడా మొరాయించింది. సాయం ఎంత వస్తుందో తెలియక లక్షలాది కుటుంబాలు కాలేజీ తేల్చుకోలేకపోయాయి, చాలా కాలేజీలు సీటు ఖరారు చేసుకోవాల్సిన మే 1 గడువును పొడిగించాల్సి వచ్చింది. ఫారం తయారుచేసిన పెద్దలు ఆలస్యం చేస్తే గడువు జరుగుతుంది. పిల్లవాడు ఒక్కరోజు ఆలస్యం చేస్తే ఏం జరుగుతుందో పైన రాశాను.

గత రెండేళ్లుగా మా స్కూల్లో మేం నలుగురు టీచర్లం ఒక పద్ధతి పెట్టుకున్నాం. గొప్పదేం కాదు. వారానికి ఒక పీరియడ్ దరఖాస్తులకే. ఉపన్యాసాలు లేవు, మోటివేషన్ స్పీకర్లు లేరు. కంప్యూటర్ ముందు కూర్చుని ఫారం నింపడం, అంతే. తల్లిదండ్రులను స్కూలుకి పిలిచే సాయంత్రం కూడా అలాగే. కాగితాలు తెచ్చుకోండి, ఇక్కడే నింపి, ఇక్కడే పంపి ఇంటికి వెళ్లండి అంటాం. మొదటిసారి నాలుగు గంటలు పట్టింది. ఒక తండ్రి తన సంతకం ఎలా పెట్టాలో మూడుసార్లు అడిగారు. కొడుకు సిగ్గుపడ్డాడు. నాలుగోసారి ఆయన పక్కనున్న వాళ్లకి చూపిస్తున్నారు.

ఆ పీరియడ్లలో బయటపడినవన్నీ చిన్న చిన్న విషయాలే. పుట్టిన సర్టిఫికెట్లో ఒక స్పెల్లింగు, స్కూలు రికార్డులో ఒకటి. ఇంటిపేరు ముందో వెనకో. పాస్‌వర్డ్ అన్నయ్యకే తెలుసు, ఓటీపీ వెళ్లే ఫోన్ అన్నయ్య దగ్గరే ఉంది, అన్నయ్య వేరే ఊళ్లో ఉద్యోగం. ఒక అబ్బాయికి స్కూలు చదువు పూర్తవడానికి కావాల్సిన క్రెడిట్లలో ఒకటి తక్కువ ఉందని సెప్టెంబరులోనే తెలిసింది కాబట్టి సరిపోయింది. అదే చివరి టర్ములో తెలిసుంటే వచ్చిన సీటు కూడా పోయేది, ఎందుకంటే ఫైనల్ మార్కుల జాబితా చూశాకే చాలా కాలేజీలు ప్రవేశాన్ని ఖాయం చేస్తాయి. ముందుగా పెట్టుకునే దరఖాస్తుల్లో 'ఎర్లీ డెసిషన్' కింద సీటు వస్తే ఆ కాలేజీలో చేరి తీరాలని, 'ఎర్లీ యాక్షన్'కి ఆ కట్టుబాటు లేదని సగం మందికి తెలియదు. సిఫారసు లేఖ కోసం టీచర్‌ని కనీసం నెల ముందు అడగాలని కూడా తెలియదు. గడువుకి ముందు రోజు రాత్రి అడిగితే నేనైనా బాగా రాయలేను.

అందుకే ఈ లేఖ. చివరి ఏడాది టైమ్ టేబుల్లో దరఖాస్తులకు పీరియడ్ ఉండాలి. ప్రతి స్కూల్లోనూ ఒక మనిషి దగ్గర ప్రతి పిల్లవాడి పేరు, ఎక్కడెక్కడ పెట్టాడు, ఏం బాకీ ఉంది అనే జాబితా ఉండాలి. ఆ మనిషి ఉద్యోగం ఫలితాల రోజుతో ముగియకూడదు, పిల్లవాడు కాలేజీలో మొదటి క్లాసుకి కూర్చునేదాకా సాగాలి. సెలవుల్లో చేసే ఆ పనికి జీతం ఇవ్వాలి. టీచర్ల మంచితనం మీద ఇన్నాళ్లూ నడిచింది చాలు. కాలేజీలు తమ ఉత్తరాలను ఇంట్లో ఇంగ్లిష్ రాని తల్లికి కూడా అర్థమయ్యేలా రాస్తే సగం ఫోన్లు తగ్గుతాయి. మీరు కూడా పరీక్షల వ్యాసాలతో పాటు నెలనెలా గడువుల పట్టిక ఒకటి వేయండి. కత్తిరించి అంటించే పూచీ నాది.

ఈ ఏడాది మా జాబితాలో 41 పేర్లున్నాయి. అందరి చేతా సొంత మెయిల్ ఐడీలు తెరిపించాం. పాత ఐడీలను కూడా కనీసం డిసెంబరు దాకా ఆపవద్దని యాజమాన్యానికి అర్జీ ఇచ్చాం. పరిశీలనలో ఉందన్నారు.

ఇట్లు,
ఒక హైస్కూలు ఉపాధ్యాయిని