పందుల షెడ్డులో ముందు నీళ్లు, ఆ తర్వాతే ఖనిజాలు

సంపాదకులకు నమస్కారం.

వేసవిలో పందుల దాణాలో ఖనిజ లవణ మిశ్రమం కలిపితే ఇక వడదెబ్బ భయం ఉండదని మీ వ్యవసాయ పేజీలో రాశారు. అది వచ్చి వారం దాటింది. తెలిసినవాళ్లెవరైనా తప్పు దిద్దుతూ రాస్తారని ఎదురుచూశాను. ఎవరూ రాయలేదు. పైగా పెంపకందారులు ఆ పేజీని ఫోన్లలో ఒకరికొకరు పంపుకుంటున్నారు. అందుకే ఈ లేఖ.

పందికి పనికొచ్చేటన్ని చెమట గ్రంథులు లేవు. చర్మం కింది కొవ్వు పొర ఒంట్లోని వేడిని తేలిగ్గా బయటికి పోనివ్వదు. దానికి మిగిలినవి రెండే దారులు: రొప్పడం, తడిలో పొర్లడం. సిమెంటు నేల మీద కట్టడి చేసి ఆ రెండో దారి మనమే మూసేశాం. పాలిచ్చే తల్లి పందికి 18 నుంచి 22 డిగ్రీల వరకు హాయిగా ఉంటుంది. 25 దాటితే మేత తగ్గిస్తుంది, పాలు తగ్గుతాయి, పిల్లలు బక్కచిక్కుతాయి. అదే గదిలో అప్పుడే పుట్టిన పిల్లలకేమో 32 డిగ్రీల పైన వెచ్చదనం కావాలి. పిల్లలకు ఒక మూల బల్బు పెట్టి, తల్లి మెడ మీద నీళ్లు చుక్కలుగా పడేలా ఏర్పాటు చేసుకోవాలి. దాణా పెట్టే వేళను చల్లటి పూటకు మార్చుకోవాలి. అంత పెద్ద వ్యాసంలో వీటి గురించి ఒక్క వాక్యం లేదు.

ఖనిజాలు దండగ అని నేననడం లేదు. వేడికి రక్తం చర్మం వైపు మళ్లి పేగులకు తగ్గిపోతుంది. దాంతో పేగు లోపలి పొర దెబ్బతిని, బ్యాక్టీరియా విషాలు రక్తంలోకి చేరతాయి. ఆ పొరలో కణాల మధ్య అతుకు గట్టిగా ఉండాలంటే జింకు కావాలి. వేడికి కణాల్లో జరిగే నష్టాన్ని ఆపే ఒక ముఖ్యమైన ఎంజైమ్‌లో సెలీనియం ఉంటుంది, విటమిన్ ఇ దానికి తోడు. ఇన్సులిన్ పనికి క్రోమియం సాయపడుతుంది. ఇవన్నీ నిజాలే. కానీ ఏ రూపంలో, ఎంత, ఎప్పటి నుంచి అనేది తేలకపోతే వీటిలో ఏదీ ఉపయోగపడదు. ఎండలు ముదిరి పందులు పడిపోతున్నప్పుడు సంచి విప్పితే ఫలితం ఉండదు, ముందు నుంచే పెట్టాలి.

మోతాదు గురించి రాసిన తీరు చూసి నాకు కోపం ఆగలేదు. 'కాస్త ఎక్కువైనా నష్టం లేదు' అంటారా? దాణాలో అదనంగా కలిపే సెలీనియంకు అమెరికాలో పెట్టిన హద్దు కిలోకు 0.3 మిల్లీగ్రాములు. 5 మిల్లీగ్రాములు దాటిన దాణా కొంతకాలం తింటే వెంట్రుకలు రాలిపోతాయి, గిట్టలు ఊడొస్తాయి. చేత్తో గుప్పెడు తీసి కలిపే చోట ఇంత సన్నని లెక్క ఎలా నిలుస్తుంది? జింకుదీ అదే సంగతి. పందిపిల్లల దాణాలో మందు మోతాదులో జింక్ ఆక్సైడ్ వాడటాన్ని యూరోపియన్ యూనియన్ 2022 జూన్ నుంచి ఆపేసింది. అది పేడతో పాటు పొలాల్లోకి చేరి నేలలో పేరుకుంటుందన్నది ఒక కారణం.

అన్నిటికంటే ప్రమాదకరమైంది ఎలక్ట్రోలైట్ల, అంటే ఒంట్లోంచి పోయిన లవణాల బదులు కలిపే ఉప్పుల పొడి గురించిన సలహా. రొప్పే పంది మూత్రంలో లవణాలు కోల్పోతుంది కాబట్టి వాటిని భర్తీ చేయాలన్నారు, బాగుంది. మరి నీళ్లో? నీళ్లు సరిగా అందని పందికి ఉప్పు విషమవుతుంది. ఒంట్లో సోడియం పెరిగి మెదడు దెబ్బతింటుంది. చూపు లేనట్టు తిరిగి, గోడకు తల ఆనించి, ఫిట్స్ వచ్చి పడిపోతుంది. అప్పుడు కంగారుపడి ఒక్కసారిగా తొట్టి నిండా నీళ్లు పెడితే మెదడు వాచి ఇంకా ముప్పు. కొద్దికొద్దిగా పట్టాలి. నీళ్లు ఆగిపోతే మామూలు దాణాలో ఉండే ఉప్పే ఇంత పని చేస్తుంది, పైన ఇంకో ప్యాకెట్ కలపమని చెప్పేముందు నీళ్ల ప్రస్తావన తేవద్దా? పాలిచ్చే తల్లి పందికి రోజుకు 20 లీటర్ల పైన నీళ్లు కావాలి, ఎండల్లో ఇంకా ఎక్కువ. అది మూతితో నొక్కి నీళ్లు తాగే కుళాయిలో (నిపుల్‌లో) నిమిషానికి దాదాపు 2 లీటర్లు రావాలి. మగ్గు పెట్టి గడియారం చూస్తే తెలిసిపోయే విషయమిది, ఒక్క రూపాయి ఖర్చు లేదు. ఎండలో ఉన్న పైపుల్లో నీళ్లు కాగిపోయి ఉంటే పందులు మూతి పెట్టి వదిలేస్తాయి, అదీ చూసుకోవాలి.

అధికారుల సంగతి కూడా చెప్పాలి. పంది రైతు వెళ్లి అడిగితే పాడి పశువుల మిశ్రమాన్నే చేతిలో పెట్టి పంపే పద్ధతి ఏళ్లుగా సాగుతోంది. పంది దాణాలో కాల్షియం మితిమీరితే జింకు ఒంటికి పట్టదు, చర్మం పొలుసులు కట్టి పగిలిపోతుంది. పాడి ఆవు అవసరం వేరు, పంది అవసరం వేరు అని చదువుకున్నవాళ్లకు మేం చెప్పాల్సి రావడం బాధాకరం. ఆవుకు, కోడికి వేసవి జాగ్రత్తలు పోస్టర్లు వేసి మరీ చెబుతారు. పందుల దగ్గరికి వచ్చేసరికి అందరికీ తొందరే. చిన్న పత్రికలు కూడా ఒకప్పుడు ఇలాంటివి అచ్చు వేసేముందు పశువైద్యుడికి చూపించేవి. ఇప్పుడు అమ్మేవాళ్ల ప్రకటనలో మాటలే వ్యాసంలో కనిపిస్తున్నాయి.

మిశ్రమం సంచి మీద అది ఏ జంతువుకో, జింకు, సెలీనియం ఏ రూపంలో ఎంత ఉన్నాయో అందరికీ అర్థమయ్యే భాషలో రాయించే బాధ్యత పశుసంవర్ధక శాఖది. మీ బాధ్యత సవరణ వేయడం. ఎండలు ఇంకా ముదరకముందే, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాల్లో వేయండి. నీళ్లు సరిచూసుకోకుండా ఎలక్ట్రోలైట్లు కలపవద్దన్న మాట అందులో మొదటి వాక్యంగా ఉండాలి.

ఇట్లు,
పందుల పెంపకందారుడైన మీ పాఠకుడు