పేరు చెబితేనే పేరు వెతుకుతారట: రెవెన్యూ మంత్రి గారికి బహిరంగ లేఖ

అయ్యా,

నాది కందుకూరు దగ్గర పల్లెటూరు. తెలుగు పంతులుగా పనిచేసి రిటైరయ్యాను. ఏడాదిన్నరగా మా ఇంటి చరిత్ర రాస్తున్నాను. పిల్లలు 'నాయనకు పొద్దు పోక' అంటున్నారు. అదీ నిజమే. రిజిస్ట్రేషన్లు కూడా మీ కిందే కాబట్టి ఈ ఉత్తరం మీకు రాస్తున్నాను. ఇది భూమి కోసం కాదు, ఒక మనిషి పేరు కోసం.

ఆమె మా నాయనకు నాయనమ్మ. ఆయన తాత పేరు మా ఇంట్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. ఆయన కట్టిన ఎద్దుల రంగు, చుట్ట కాల్చే తీరు అన్నీ కథలుగా చెబుతారు. ఆయన భార్య పేరు మాత్రం ఒక్కరికీ తెలీదు. కనిగిరి వైపు నుంచి కోడలిగా వచ్చిందని ఊరంతా 'కనిగిరామె' అనేవాళ్ళట. ధాత కరువులో పుట్టిన పిల్ల అనేవాళ్ళు, అంటే 1876-77 ప్రాంతం. అంతకు మించి ఏమీ లేదు.

నాయన పోయాక రేకుపెట్టె తీస్తే అడుగున ఒక స్టాంపు కాగితం దొరికింది. 1913 నాటిది. ఆమె పుట్టింటివాళ్ళు పసుపు కుంకుమ కింద ఇచ్చిన చేను, దాన్ని ఆమె అమ్ముతూ రాసిచ్చిన దస్తావేజు. కాగితం ఎనిమిది మడతలుగా ఉంది. 'ఫలానా వారి భార్య' అని భర్త పేరు శుభ్రంగా ఉంది. ఆ పక్కన ఆమె పేరు ఉండాల్సిన చోట మడత పడింది, ఆ మడత వెంబడే చెద తినేసింది. కింద వేలిముద్ర మాత్రం నిన్న వేసినట్టుంది. ముద్ర మధ్యలో అడ్డంగా సన్నటి తెల్లగీత. కోతల్లో కొడవలి తెగి మానిన గాటు అయ్యుంటుంది. మా ఇంట్లో ఆమెకున్న ఫోటో అదే.

దస్తావేజు నకలు రిజిస్ట్రారు ఆఫీసు ఒకటో పుస్తకంలో శాశ్వతంగా ఉండాలి కదా అని వెళ్ళాను. కుర్రాడు మర్యాదగానే మాట్లాడాడు.

"ఏం పెద్దాయనా, పార్టిషన్ గొడవా?"

"కాదు నాయనా. మా ముత్తవ్వ పేరు తెలుసుకుందామని."

"తెలుసుకుని?"

దీనికి జవాబు నా దగ్గర లేకపోయింది. ఆ తర్వాత అసలు చిక్కు వచ్చిపడింది. నంబరు లేనప్పుడు సూచిక పుస్తకంలో చూడాలి. సూచిక మనుషుల పేర్ల మీద ఉంటుంది. "పేరు చెప్పండి, వెతుకుతాను" అన్నాడు. పేరు తెలిస్తే నేనెందుకు వస్తాను? ఆస్తి మీద వేరే సూచిక ఉంటుందని నాకూ తెలుసు. కానీ నా కాగితంలో సర్వే నంబరు లేదు. 'చింతమాను చేను' అనీ, తూర్పున వాగు అనీ ఉంది. పైగా ఆ కాలపు సూచికలు కొన్ని 1989 నవంబరు తుపానుకు తడిసి అట్టలు కట్టుకుపోయాయన్నారు. నాకు చూపించలేదు, చూపించమని అడిగే హక్కు ఏ కాగితంలో ఉందో నాకూ తెలీదు. సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అర్జీ పెడితే, 'సదరు వివరములు లభ్యము కాలేదు' అని మూడు ముక్కల్లో జవాబు వచ్చింది.

మా తాలూకా తిరిగిన తిరుగుళ్ళు మీకు చెప్పాలి. కందుకూరు నెల్లూరు జిల్లాలో ఉండేది. 1970 ఫిబ్రవరిలో కొత్త జిల్లా పెట్టినప్పుడు ఒంగోలు కిందికి వచ్చింది. దానికి ప్రకాశం అని పేరు పెట్టింది 1972లో. 2022 ఏప్రిల్‌లో మళ్ళీ నెల్లూరు కింద కలిపారు. అసలు ఒంగోలే 1904 దాకా నెల్లూరుది, ఆ ఏడు గుంటూరు జిల్లా పుడితే అందులోకి పోయింది. మనుషులం ఉన్నచోటే ఉన్నాం, దస్త్రాల కట్టలు మాత్రం లారీలెక్కాయి. ఒక ఆఫీసులో 'అవి పక్క జిల్లాకు పోయినయ్' అంటారు, పక్క జిల్లాలో 'మాకు రానేలేదు' అంటారు. 1953కు ముందటి కలెక్టరేటు కాగితాలు కొన్నింటికైతే చెన్నై ఎగ్మూరులోని ఆర్కైవ్స్ దాకా పోవాలి. ఈ వయసులో రాత్రి బండెక్కి పోయాను కూడా. ఆ సంగతి వేరే ఉత్తరానికి సరిపోతుంది.

డైక్లాట్ (రెండు భాషల్లో రాసిన పాత భూమి రిజిస్టరు), ఆర్‌ఎస్‌ఆర్ (రీసెటిల్‌మెంట్ రిజిస్టరు), ఇనాం ఫెయిర్ రిజిస్టరు, పాత అడంగళ్ళు, ఇవన్నీ మీ శాఖకు శిస్తు లెక్కలు. మాకు వంశవృక్షాలు. ఎవరు ఎవరికి కొడుకు, ఎవరు ఊరొదిలి పోయారు, ఏ ఏడు చేను చేయి మారింది, అన్నీ అందులోనే ఉన్నాయి. కాకపోతే దాదాపు అన్నీ మగవాళ్ళ పేర్లే. ఆర్‌ఎస్‌ఆర్‌లో పట్టాదారు గడిలో చుక్కలు పెట్టి వదిలేస్తే 'చుక్కల భూములు' అని రాష్ట్రమంతా గగ్గోలైంది, 2017లో దానికి చట్టమే తెచ్చారు. మా ఆడవాళ్ళ పేర్ల దగ్గర తరతరాలుగా చుక్కలే. వాళ్ళ పేరు దొరికేది ఇలాంటి పసుపు కుంకుమ దస్తావేజుల్లో, లేదంటే మునసబు రాసిన చావుల రిజిస్టరులో. 1984లో కరణం, మునసబు పదవులు తీసేసినప్పుడు ఆ పుస్తకాలు కొన్ని తాలూకాకు చేరాయి, కొన్ని అటకలెక్కాయి. మా ఊరి కరణంగారి మనవడు పాపం ఒక మూట దించి చూపించాడు. కావలసిన ఏడు అందులో లేదు.

నాకు రెండెకరాలైనా ఉండబట్టి ఇన్ని గుమ్మాలు తొక్కగలిగాను. మా రెడ్లకు, కమ్మవాళ్ళకు గోత్రాలు పాడే పిచ్చుకుంట్లవాళ్ళు కూడా ఉండేవాళ్ళు. సెంటు భూమి లేని ఇళ్ళ సంగతేమిటి? మాదిగ ఇంట పుట్టిన మిత్రుడొకడు నాతోపాటు ఉద్యోగం చేశాడు. ఆ ధాత కరువు చివర, 1878 జులై 3న, గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మందికి ఒంగోలు మిషన్ వాళ్ళు బాప్తిస్మం ఇచ్చారు. వాళ్ళలో వాడి ముత్తాత ఒకడని ఇంట్లో చెప్పుకుంటారు. "కరణం దస్తరంలో మేం లేం. ఉంటే గింటే చర్చి పుస్తకంలో ఉండాల" అంటాడు. వాడు వెతికే చోటుకు మీ శాఖ తాళంచెవి కూడా పనికిరాదు.

ఇంతకీ నేను అడిగేది పెద్దదేం కాదు. రీసర్వే జరిగిన ఊళ్ళలో పాత సర్వే నంబర్లు పోయి ఎల్‌పీ (ల్యాండ్ పార్శిల్) నంబర్లు వచ్చాయి. ఇక పాత పుస్తకాలతో పనేముందని ఎవరికైనా అనిపించే రోజు దగ్గర్లోనే ఉంది. ఆ రోజు రాకముందే, వందేళ్ళు దాటిన రిజిస్టర్లను, తడిసినవైనా సరే, పేజీ పేజీ ఫోటోలు తీయించండి. నెల్లూరులో ఒక గది, ఒంగోలులో ఒక గది చాలు. బల్ల, లైటు, మనిషి ఉండాలి. వందేళ్ళనాటి పేజీలో ఎవరి గుట్టూ లేదు, వచ్చినవాళ్ళను చూసుకోనివ్వండి. ఏ తాలూకా కట్టలు ఏ జిల్లాలో ఉన్నాయో ఒక పట్టిక గోడకు అంటించండి. ఎగ్మూరులో ఉన్న నెల్లూరు జిల్లా కాగితాలకు నకళ్ళు తెప్పించే సంగతి ఆ ప్రభుత్వంతో మీరు మాట్లాడాల్సిందే, మాలాంటివాళ్ళ వల్ల కాదు.

వచ్చే సోమవారం గ్రీవెన్స్‌లో ఇదే అర్జీగా ఇవ్వబోతున్నాను. ఫారంలో సమస్య ఏ రకమో రాయాలి. పట్టా, హద్దులు, మ్యుటేషన్, పెన్షన్ అన్నీ ఉన్నాయి. కనిగిరామెను దేని కింద రాయమంటారో చెబితే అదే రాస్తాను. దస్తావేజు జిరాక్స్ దీనితో జతచేశాను, వేలిముద్ర మూడో పేజీలో ఉంది.

ఇట్లు,
ఒక రిటైర్డ్ తెలుగు పంతులు,
కందుకూరు