పేరు వేలికి తగలాలి

సంపాదకుల వారికి,

1996 నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా తీరం దాటిన తుపానుకు 2026తో ముప్పై ఏళ్లు. చనిపోయినవాళ్లూ గల్లంతైనవాళ్లూ కలిపి లెక్క రెండు వేలు దాటింది. అందులో సముద్రంలో చేపల వేటకు వెళ్లి తిరిగిరానివాళ్లే ఎక్కువ. బలుసుతిప్ప, భైరవపాలెం అనే మత్స్యకారుల ఊళ్ల పేర్లు బయటి ప్రపంచం విన్నది అప్పుడే. ఈ సందర్భంగా తీరంలో ఏ పంచాయతీ అయినా, ఏ సంఘమైనా స్మారకం తలపెడితే నమూనా గీయించే ముందే ఒక్క ప్రశ్న వేసుకోమని మనవి. వచ్చిన మనిషి అక్కడ నిలబడి ఏం చేస్తాడు?

మన దగ్గర స్మారకమంటే నాలుగు మెట్లు, పైన స్తూపం, చుట్టూ గొలుసు, ముందు ఆవిష్కరణ ఫలకం. ఫలకం మీద రిబ్బను కత్తిరించినవారి పేరు రెండంగుళాల అక్షరాల్లో ఉంటుంది. పోయినవాళ్లంతా కలిసి ‘అమరులు’ అన్న ఒక్క మాటలో సర్దుకోవాలి. చూడవచ్చినవాళ్లు గొలుసు బయట నిలబడి ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. వాళ్లననడానికి లేదు, చెయ్యడానికి అక్కడ ఇంకేం ఉంది గనక.

మనిషిని పోగొట్టుకున్నవాళ్లు ఏ దేశంలోనైనా చేసేది ఇంచుమించు ఒకటే. పేరు వెతుకుతారు, దొరికాక తడిమి చూస్తారు, ఏదో ఒకటి అక్కడ పెట్టి వెళ్తారు. వాషింగ్టన్‌లో వియత్నాం యుద్ధంలో పోయినవారి గోడ మీద 58 వేలకు పైగా పేర్లున్నాయి, పోయిన తేదీల వరుసలో. బంధువులు పేరు మీద కాగితం పెట్టి పెన్సిలుతో రుద్ది ఆ అచ్చు ఇంటికి తీసుకుపోతారు. న్యూయార్కులో 2001 దాడి స్మారకం కంచు పలకల మీద 2,983 పేర్లు చెక్కారు. ఒకే విమానంలో పోయినవాళ్లు, ఒకే చోట పనిచేసినవాళ్లు పక్కపక్కన వచ్చేలా, కుటుంబాలను అడిగి మరీ పేర్చారు.

ఈ రెండో పద్ధతి మనకు బాగా నప్పుతుంది. వేటలో పోయినవాళ్ల పేర్లు బోటువారీగా ఉండాలి: పైన బోటు నడిపే సరంగు, కింద అతనితో వెళ్లిన కలాసీలు. ఒడ్డున పోయినవాళ్లవి ఊరివారీగా, ఇంటివారీగా. అక్షరక్రమం ఎందుకు వద్దంటే, అన్నవరం దేవుడి పుణ్యమా అని మన ప్రాంతంలో వీర వెంకట సత్యనారాయణలకు లెక్కలేదు. వరుసగా అయిదారుసార్లు అదే పేరు పడితే తండ్రి ఎవరో కొడుకు పోల్చుకోలేడు. పొడి అక్షరాలు పనికిరావు. ఇంటిపేరు పూర్తిగా, తండ్రి లేదా భర్త పేరు, వయసు, ఊరు ఉండాలి. రేషన్ కార్డులో ఒక పేరూ ఊళ్లో పిలిచే పేరు ఇంకోటీ అయితే రెండూ చెక్కించండి. జాబితాను రాతికి ఎక్కించే ముందు కనీసం నెల రోజులు రేవులో, రామాలయం అరుగు మీద, చర్చి గుమ్మం దగ్గర అతికించి ఉంచాలి. ఆఫీసు కాగితాల్లో దొర్లిన తప్పులు అక్కడే బయటపడతాయి.

గల్లంతైనవాళ్లకు వేరే గోడ పెట్టొద్దు, వేరే శీర్షికా వద్దు. మామూలుగా ఏడేళ్లు జాడ లేకపోతే గానీ చట్టం మనిషి పోయాడని అనుకోదు. శవం దొరకని ఇంటికి దణ్ణం పెట్టుకునే చోటు ఆ రాయి ఒక్కటే.

ఇక రాతిపని. మంచి స్మారకాలు చాలావరకు ఇక్కడే పాడవుతాయి. ఇంగ్లీషు అక్షరాలు పదిహేను మిల్లీమీటర్ల ఎత్తులో కూడా చక్కగా వస్తాయి. అదే కొలతలో తెలుగు చెక్కిస్తే ‘లక్ష్మి’లో షవత్తూ మవత్తూ కలిసి ముద్దయిపోతాయి. అసలు అక్షరం అంగుళానికి తగ్గకూడదు. వరుసకూ వరుసకూ నడుమ ఇంకో అంగుళం పైగా వదలాలి. లేదంటే పై పేరు వత్తులు వచ్చి కింది పేరు గుడుల మీద, తలకట్ల మీద కూర్చుంటాయి. రబ్బరు షీటు అతికించి ఇసుక కొట్టేవాళ్లు ఒక మిల్లీమీటరు లోతులో ఆపేసి బంగారు రంగు నింపేస్తారు. ఉప్పుగాలికి ఆ రంగు నాలుగేళ్లు నిలిస్తే గొప్ప. సగం రాలిన పేరు చూడటానికే కష్టంగా ఉంటుంది. మూడు మిల్లీమీటర్ల లోతు అడగండి, రంగు వద్దనండి. నునుపు పట్టిన నల్ల గ్రానైటు మీద గరుకు అక్షరం దానంతటదే తెల్లగా కనిపిస్తుంది, వేలికీ తగులుతుంది. చదువు రాని తల్లి చెయ్యి పట్టుకుని ఆ అక్షరాల మీద పెడితే చాలు. అందుకే అట్టడుగు వరుస నేలకు రెండడుగుల పైన, పై వరుస అయిదడుగుల లోపు ఉండాలి.

గోడను తూర్పు ముఖంగా పెడితే పదకొండింటి ప్రాంతంలో ఎండ రాతి మీద నుంచి జారుతూ ప్రతి గీతలోనూ నీడ పడుతుంది. పేర్లు అప్పుడు తేలినంత బాగా ఇంకెప్పుడూ తేలవు. మధ్యాహ్నం నుంచి జనానికి నీడ. నేల మీద మాత్రం నల్లరాయి వెయ్యొద్దు. మేలో చెప్పులు విడిచినవాళ్ల కాళ్లు కాలతాయి, వానాకాలం జారతారు. పలకల్ని బిగించే ఇనుప క్లాంపులు తుప్పుపట్టి ఉబ్బి రాతి మూలలు పగలగొడతాయి, కాబట్టి 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలే వాడాలి. ఏరు సముద్రంలో కలిసే మొగల దగ్గర పైన ఇసుక గట్టిగానే కనిపిస్తుంది, కింద మెత్తటి బంకమన్ను. ఒకే పొడుగాటి గోడ అక్కడ చీలుతుంది. అడుగు ఎడంతో విడివిడి పలకలు నిలబెడితే ఒకటి ఒరిగినా దాన్నొక్కదాన్నే సరిచెయ్యొచ్చు. బోటుకో పలక అయితే మరీ మేలు.

‘దీపాలు వెలిగించరాదు, కొబ్బరికాయలు కొట్టరాదు’ అని బోర్డు పెట్టి లాభం లేదు. చోటు చూపకపోతే నూనె, కుంకుమ పేర్ల మీదికే వస్తాయి, గ్రానైటులోకి దిగిన నూనె మరక ఓ పట్టాన పోదు. పలకల ముందు అడుగు వెడల్పున ఇసుక నింపిన తొట్టి కట్టించండి. ప్రమిదా నిలుస్తుంది, కొవ్వొత్తీ నిలుస్తుంది. పక్కన కాయ కొట్టడానికో రాయి, ఒక కుళాయి.

నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయో కూడా గుర్తు పెట్టాలి. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులంటే మొదటి వరద హెచ్చరికని, 17.75 అంటే మూడోదని ఏటి నడుమ లంకల్లో పిల్లలకు కూడా తెలుసు. ఉప్పెనకు అలాంటి కొలబద్ద ఊళ్లో లేదు. ఆనాడు నీళ్లు చూసినవాళ్లు గుర్తు చూపించగలిగిన గోడ ఏదైనా మిగిలి ఉంటే, తాపీమేస్త్రీలు లెవలు చూసే నీళ్ల పైపుతో అదే మట్టాన్ని బడి గోడకు, తుపాను షెల్టరు స్తంభానికి, స్మారకానికి తీసుకెళ్లి గీత చెక్కించండి. ‘నేల నుంచి ఇన్ని అడుగులు’ అని రాస్తే సరిపోదు. రోడ్డు వేసినప్పుడల్లా నేల ఎత్తు పెరుగుతూనే ఉంటుంది. పదేళ్ల పిల్లవాడు ఆ గీత కింద నిలబడి పైకి చూస్తే ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు.

ఆ పాత గోడను మాత్రం కూల్చి అందంగా కట్టకండి. జలియన్‌వాలాబాగ్‌లో 1919 ఏప్రిల్ 13న ఏం జరిగిందో చూపరులకు మొదట తెలిసేది లోపలికి వెళ్లే ఇరుకు సందులోనే. 2021లో దాని గోడలకు శిల్పాలు తగిలిస్తే చరిత్రకారులు అందుకే అభ్యంతరం చెప్పారు. సెల్ఫీ పాయింటు పెట్టి తీరాలంటే రేవుకు అవతల పెట్టుకోండి.

పునాది పని తొలకరికి ముందే ముగించాలి. ఆ తర్వాత తవ్విన గుంటల్లో నీళ్లు తోడటంతోనే సరిపోతుంది. ఆవిష్కరణ ఫలకాన్ని గోడ వెనక వైపు బిగించవచ్చు. చివరి పలకలో మూడో వంతు ఖాళీగా వదలండి. వాషింగ్టన్ గోడ మీద కూడా తర్వాత చేర్చిన పేర్లున్నాయి. మా వాడి పేరు రాలేదని ఎవరో ఒకరు తప్పకుండా వస్తారు.

ఇట్లు,
రాతిపని, చరిత్ర బోధన తెలిసిన కొందరం,
అమలాపురం