గేటు దగ్గర మొదటి ప్రశ్న

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

ఎఫ్‌ఏ-1 (ఏడాదిలో మొదట వచ్చే చిన్న పరీక్ష) పేపర్లు దిద్ది ఇచ్చిన రోజు సాయంత్రం గేటు దగ్గర నిలబడి ఉన్నాను. ఒక చిన్న పాప గుప్పిట మూసుకుని వాళ్లమ్మ స్కూటీ దగ్గరికి పరుగెత్తింది. "మ్యాథ్స్ పేపర్ ఇచ్చారా? ఎన్నొచ్చాయి?" అని అడిగారావిడ. "పద్దెనిమిది." "ఆ రెండూ ఎక్కడ పోయాయి?" పాప గుప్పిట విప్పకుండానే బండెక్కి కూర్చుంది.

అందులో ఏముందో నాకు తెలుసు. బడి వెనక కరివేపాకు చెట్టుకి దొరికిన గూడు, సీతాకోకచిలుక ఎగిరిపోయాక మిగిలిన ఖాళీ గూడు. మధ్యాహ్నం నుంచి నలగకుండా దాచుకుంది. మా ఆయమ్మతో సహా అందరికీ చూపించింది.

ఆ తల్లిని తప్పుపట్టడానికి రాయడం లేదు. ఆఫీసులో పర్మిషన్ అడిగి, ట్రాఫిక్ దాటుకుని వచ్చిన మనిషికి ముందు టెన్షనే గుర్తొస్తుంది. పైగా నేనూ ఆ బాపతే. మావాడు ఐదో తరగతిలో ఉన్నప్పుడు నేను ఇంట్లో పేపర్లు దిద్దుతూ వాడి మాటలకి "ఊఁ" కొడుతుండేదాన్ని. ఒకరోజు వాడు మామూలుగా మాట్లాడుతూ మాట్లాడుతూ, "అమ్మా, మన పిల్లి కాలేజీలో చేరింది" అన్నాడు. "ఊఁ, మంచిది" అన్నాను. ఇద్దరం పడీపడీ నవ్వాం. కానీ ఆ తర్వాత బడి కబుర్లన్నీ వాళ్ల అమ్మమ్మకి వెళ్లిపోయాయి.

ఆవిడేమీ ఖాళీగా కూర్చునేది కాదు. చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతూనే, "ఆఁ, అప్పుడు వాడేమన్నాడు?" అనేది. తేడా అక్కడే ఉంది. నా చేతులతో పాటు చెవులు కూడా పేపర్ల మీదే ఉండేవి.

అమెరికాలో 1970లలో ఎడ్వర్డ్ ట్రోనిక్ అనే మనస్తత్వవేత్త ఒక ప్రయోగం చేశారు. నెలల బిడ్డతో తల్లి కాసేపు ఆడుకోవాలి. ఆ తర్వాత రెండు మూడు నిమిషాలు ముఖంలో ఏ కదలికా లేకుండా బిడ్డ వైపు చూస్తూ ఉండిపోవాలి. అంతే. బిడ్డ నవ్వుతుంది, కేరింతలు కొడుతుంది, చేతులు చాస్తుంది. ఎంతకీ తల్లి పలక్కపోతే ముఖం తిప్పేసుకుంటుంది, ఏడుపు అందుకుంటుంది. తల్లి ఎక్కడికీ వెళ్లలేదు, ఎదురుగానే ఉంది! అప్పటికి మన చేతుల్లో ఈ ఫోన్లు లేవు. ఇప్పుడు ఫోన్లో మునిగిన మన ముఖం పిల్లలకి ఎలా కనబడుతుందో ఒకసారి ఊహించుకోండి.

ఆయన పరిశోధనలో నాకు ఊరటనిచ్చే మాట ఇంకొకటి ఉంది. ఎంత మంచి తల్లీబిడ్డలకైనా మధ్యమధ్యలో శ్రుతి తప్పుతూనే ఉంటుందట. తప్పినదాన్ని మళ్లీ కలుపుకోవడమే ముఖ్యం. "నువ్వు చెబుతుంటే నేను ఫోన్ చూశాను నాన్నా, సారీ. మళ్లీ మొదట్నుంచి చెప్పు" అనొచ్చు. కోపంలో అరిచాక కూడా ఇలాగే. పిల్లలకి సారీ చెబితే నెత్తికెక్కుతారని పెద్దవాళ్లు భయపెడతారు. ఇన్నేళ్ల ఉద్యోగంలో అలా నెత్తికెక్కిన పిల్లని నేనైతే చూడలేదు.

'మైండ్‌ఫుల్ పేరెంటింగ్' మీద, అంటే పిల్లలతో ఉన్నంతసేపూ మనసు వాళ్ల మీదే పెట్టడం మీద, క్లాస్ పెట్టించమని కొందరు అడిగారు. పెట్టిస్తే మరో ఆదివారం పిల్లలకి మీరు దొరకరు! నా సలహా ఒకటే. గేటు దగ్గర మార్కులు, హోంవర్క్, క్యారేజీ ఖాళీ చేశావా లేదా, ఈ మూడూ అడక్కండి. ఇంటికెళ్లాక అడగొచ్చు. ముందు వాళ్లు చెప్పేది కానివ్వండి. ఎనిమిది, తొమ్మిది, పది తరగతుల పిల్లలు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే నోరు విప్పరు. బండి వెనక కూర్చున్నప్పుడో, పక్కన చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నప్పుడో వాళ్లే మొదలుపెడతారు. అప్పుడు మధ్యలో నీతులు మాత్రం చెప్పకండి.

మా తప్పు కూడా లేకపోలేదు. డైరీ నిండా పరీక్షల తేదీలే రాయించి పంపుతున్నాం, మీరైనా ఇంకేం అడుగుతారు? అందుకే ఈ నెలంతా ఒకటి నుంచి ఐదో తరగతి వరకు శుక్రవారం రాత హోంవర్క్ ఇవ్వం. ఆ రోజు మీ అబ్బాయో అమ్మాయో చెప్పిన ఒక సంగతిని డైరీలో మీరు ఒక్క వాక్యంలో రాసి పంపండి. ఏ భాషలో రాసినా పర్లేదు, టీచర్లు తప్పులు దిద్దరు. నైట్ డ్యూటీ ఉంటే తాతయ్యో నాన్నమ్మో రాయొచ్చు. దయచేసి ఫోటో తీసి వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, అది పిల్లలు మీకు మాత్రమే చెప్పుకున్న కబురు.

వచ్చే శనివారం ఉదయం 10 గంటలకు పేరెంట్స్ మీటింగ్. మార్కుల సంగతి క్లాస్ టీచర్లు మాట్లాడతారు. మీ పిల్లలు ఎవరి పక్కన కూర్చుంటారో, ఈ మధ్య ఎవరితో పచ్చి కొట్టారో తెలుసుకుని రండి. నేను అడుగుతాను.

ఇట్లు,
ప్రధానోపాధ్యాయురాలు