శనివారం సాయంత్రం ఏ జేసీబీ మన కేబుల్ కొట్టలేదు

నమస్తే. మీ ఇళ్ళకి నెట్ కనెక్షన్ ఇచ్చేవాణ్ణి.

మొన్న శనివారం సాయంత్రం ఆరు నుంచి తొమ్మిదీ నలభై దాకా మన నెట్ ఉందంటే ఉంది, లేదంటే లేదు అన్నట్టు నడిచింది. ఫోన్ చేసినవాళ్ళకి మా ఆఫీసు నుంచి "హంటర్ రోడ్డులో జేసీబీ కేబుల్ కొట్టేసింది, జాయింట్ వేస్తున్నాం" అని చెప్పారు. అలా చెప్పమన్నది నేనే. ఏ జేసీబీ రాలేదు. ఏ కేబులూ తెగలేదు. మీ ఇళ్ళకి రావాల్సిన నెట్‌ని నేనే ఇంకోచోటికి మళ్ళించాను.

మన వరంగల్‌లో కేబుల్ నడిపేవాడికి జేసీబీ కంటే నమ్మకమైన సాకు లేదు. నిజంగానే తెగుతుంటుంది మరి. డ్రైనేజీ తవ్వకాలకి తెగుతుంది, వినాయకుడి లారీ పోవడానికి వైర్లు ఎత్తితే తెగుతుంది, కోతులు కొరికితే తెగుతుంది. అందుకే ఎవరూ తిరిగి అడగరు. ఆ ధైర్యంతోనే చెప్పించాను. అయితే హంటర్ రోడ్డులోనే ఉండే ఒకాయన రాత్రి ఎనిమిదింటికి ఫోన్ చేసి, "అన్నా, నేను మా ఇంటి ముందల్నే నిలబడ్డ. జేసీబీ ఏడున్నది?" అన్నారు. దానికి జవాబు లేక ఫోన్ సైలెంట్‌లో పెట్టాను. ఆ రాత్రి 63 మిస్డ్ కాల్స్. మా ఆఫీసులో ఫోన్ ఎత్తే అమ్మాయి మీద అరిచినవాళ్ళు ఆ కోపం నా మీద తీర్చుకోండి, తన తప్పేమీ లేదు.

జరిగింది ఇది. అదే రోడ్డు పక్కన ఒక ఫంక్షన్ హాల్లో రెండు రోజులు గేమింగ్ పోటీలు పెట్టారు. కింద 120 కంప్యూటర్లు, పైన ఫోన్లలో ఆడేవాళ్ళకి ఇంకో హాలు. నెట్ కాంట్రాక్టు నాకిచ్చారు, 60 వేలకి. పదకొండేళ్ళుగా ఇళ్ళకి కనెక్షన్లు ఇస్తున్నా, ఇలాంటి పనికి ఎప్పుడూ హైదరాబాద్ నుంచే మనుషులు వస్తారు. మనకి వచ్చిందంటే ఆశ పుట్టింది.

ఇప్పుడు మీకు ఎన్నడూ చెప్పని లెక్క ఒకటి చెప్పాలి. మన కనెక్షన్లు సుమారు 900. అందరికీ కలిపి పై కంపెనీ దగ్గర నేను కొనేది 2 జీబీపీఎస్, అంటే సెకనుకి 2 గిగాబిట్ల వేగం. ఒక జీబీపీఎస్ అంటే వెయ్యి ఎంబీపీఎస్. తలా కనీసం 100 ఎంబీపీఎస్ ప్లాన్ అమ్మాను కదా, లెక్కప్రకారం కనీసం 90 జీబీపీఎస్ కావాలి. మరి రెండుతో ఎలా నడుస్తోంది? ఊళ్ళో అందరూ ఒకేసారి నల్లా తిప్పరు కాబట్టి. రాత్రి ఎనిమిది, తొమ్మిది మధ్య, వాడకం బాగా ఎక్కువ ఉన్నప్పుడు కూడా ఒకటిన్నర జీబీపీఎస్ దాటదు. మీ వీధిలో కూడా వాటానే. మా ఆఫీసు మెషీన్ నుంచి ఒక్కో ఫైబర్ మీద వచ్చే రెండున్నర జీబీపీఎస్‌ని స్ప్లిటర్ పెట్టి 32 ఇళ్ళకో 64 ఇళ్ళకో పంచుతాం. ఇళ్ళ కనెక్షన్లు ఎక్కడైనా ఇలాగే నడుస్తాయి, అందులో మోసం లేదు. కానీ "100" అని పాంప్లెట్ మీద పెద్దగా వేసి, పంచుకునే 100 అని ఎక్కడా వేయలేదు. అది నా తప్పే. కొత్త పాంప్లెట్‌లో వేయిస్తున్నాను.

ఈవెంట్ కోసం విడిగా 1 జీబీపీఎస్ తీసుకోవాలన్నది అసలు ప్లాన్. శుక్రవారం సాయంత్రానికల్లా ఇస్తామన్నారు పైవాళ్ళు, ఇవ్వలేదు. ఆ రాత్రే ఆర్గనైజర్‌కి ఫోన్ చేసి "లైన్ రాలేదు, నా వల్ల కాదు" అనేస్తే అయిపోయేది. అనలేదు. మన ఇళ్ళ లైన్‌లోంచే 500 ఎంబీపీఎస్ లిమిట్ పెట్టి హాలుకి ఇచ్చాను. ఒకటిన్నరకి అర కలిపితే రెండు. కాగితం మీద సరిపోయింది. కాగితం మీద సరిపోవడం వేరని కేబుల్ ఆపరేటర్‌కి ఒకరు చెప్పక్కర్లేదు, అయినా కానిచ్చాను.

ఆడేటప్పుడు గేమ్‌కి నెట్ పెద్దగా అక్కర్లేదు. చాలా గేములకి ఒక మెషీన్‌కి ఒక ఎంబీపీఎస్ కూడా పట్టదు. అందుకే ధీమాగా ఉన్నాను. నేను మరిచింది అప్‌డేట్లు. అద్దెకి తెచ్చిన ఆ 120 కంప్యూటర్లలో గేములు పాతవి. మధ్యాహ్నం మూడింటికి అన్నీ ఆన్ చేశారు. ఒక్కోటి దాదాపు 30 జీబీ డౌన్‌లోడ్ అడిగింది. 120 ముప్పైలు 3,600 జీబీ. 500 ఎంబీపీఎస్‌తో అది దిగడానికి, ఒక బైట్‌కి ఎనిమిది బిట్లు కాబట్టి, 16 గంటలు. పోటీ రాత్రి ఎనిమిదింటికి. ఆర్గనైజర్ నా పక్కనే నిలబడి లెక్క వేసుకుని, తెల్లబోయి, తర్వాత అరవడం మొదలుపెట్టాడు.

ఐదూ యాభైకి లిమిట్ తీసేశాను. "ఒక్క గంటే కదా" అనుకున్నాను.

హాలు లైన్ ఒక్కసారిగా ఒక జీబీపీఎస్ దాకా ఎక్కింది. వంద మెషీన్లు, ఒక్కోటి పది దారుల్లో లాగుతుంటే, మీ ఇంట్లో ఒక వీడియో కాల్ వాటితో పోటీ పడలేదు. గేట్ దగ్గర క్యూ పెరిగినట్టు మన రౌటర్‌లో డేటా పేరుకుపోయింది. పింగ్, అంటే డేటా సర్వర్ దాకా పోయి రావడానికి పట్టే టైము, మామూలుగా 25 మిల్లీసెకన్లు ఉండేది 400 దాటింది. యూట్యూబ్ క్వాలిటీ తగ్గించుకుని ఎలాగో నడిచింది కానీ కాల్స్ మాత్రం ముక్కలు ముక్కలయ్యాయి. బాలసముద్రంలో ఒక అక్క డాలస్‌లో ఉన్న కొడుకుతో వారానికి ఒక్కసారి మాట్లాడేది ఆ టైములోనే. నక్కలగుట్టలో ఒకమ్మాయి అమెరికా ప్రాజెక్టులో పనిచేస్తుంది. ఆ వారం శనివారం కూడా డ్యూటీ వేశారట, క్లయింట్‌కి డెమో ఇస్తుండగా నెట్ ఆగిపోయిందట. సోమవారం వాళ్ళ నాన్నగారు ఆఫీసుకి వచ్చి ఈ మాట చెప్పారు. ఆయన అరవలేదు, అరిచినా బాగుండేది. ఆయన ముందు మాత్రం జేసీబీ కథ చెప్పలేకపోయాను. ఇదంతా మీకు రాయాలని అప్పుడే అనుకున్నాను.

హాల్లో గండం గట్టెక్కించింది నేను కాదు. వాలంటీరుగా తిరుగుతున్న ఒక సెకండ్ ఇయర్ పిల్లవాడు. తొమ్మిదింపావుకి వచ్చి, "అన్నా, అన్ని మెషీన్లు బయటి నుంచి ఎందుకు దించుకోవాలె? ఒక్కదాంట్ల దించి మిగతావాటికి ఇక్కడికిక్కడే కాపీ చేస్తే అయిపోదా?" అన్నాడు. కంప్యూటర్లలో ఆడేది కౌంటర్ స్ట్రైక్ 2, అది స్టీమ్ అనే గేములు దించుకునే సాఫ్ట్‌వేర్‌లో ఉంటుంది. ఒకే నెట్‌వర్క్‌లో ఉన్న మెషీన్లు గేమ్‌ని ఒకదాన్నుంచి ఒకటి తీసుకునే సౌకర్యం స్టీమ్‌లో 2023 నుంచే ఉంది. నాకు తెలియదు. హాల్లో మెషీన్లన్నిటినీ కేబుళ్ళతో కలిపే డబ్బా, అదే స్విచ్, దాని మీద 30 జీబీ ఐదారు నిమిషాల పని. ఒకటి రెండవుతుంది, రెండు నాలుగు, నాలుగు ఎనిమిది, పేరంటం పిలుపుల్లా. ఏడు రౌండ్లలో 120 దాటిపోతుంది. అప్పటికే దించుకున్న మెషీన్లు కొన్ని ఉన్నాయి కాబట్టి ఇంకా సులువైంది. తొమ్మిదీ నలభైకి లిమిట్ మళ్ళీ పెట్టాను, మీ నెట్ తిరిగొచ్చింది. ఎనిమిదింటికి మొదలవ్వాల్సిన పోటీ పదకొండున్నరకి మొదలైంది.

ఆ పిల్లవాడికి మా దగ్గర పార్ట్‌టైం ఉద్యోగం ఇస్తానన్నాను. పరీక్షలయ్యాక చూస్తానన్నాడు.

ఆదివారం ఇంకో తమాషా. దీనితో మీకు ఇబ్బంది కలగలేదు, అయినా చెప్తాను. పదకొండింటికి హాల్లో సగం మెషీన్లకి నెట్ పోయింది. ఫైబర్ బాగుంది, దాంట్లో కాంతి పవర్ మైనస్ 19 డీబీఎం చూపిస్తోంది, అంటే సరిపడా ఉన్నట్టే, లైట్లన్నీ పచ్చగా వెలుగుతున్నాయి. నలభై నిమిషాలు తల పట్టుకున్నాం. చివరికి ఒక్కో వరుస కేబుల్ పీకుతూ పోతే నాలుగో వరుసలో బల్ల కింద ఒక తెల్ల రౌటర్ దొరికింది. ఎవరో ఇంట్లోంచి తెచ్చుకుని, తన ఫోన్‌కి వైఫై కోసం మా స్విచ్‌లో గుచ్చాడు, అదీ నెట్ లోపలికి తీసుకునే పోర్టులో కాకుండా బయటికి పంచే ఎల్‌ఏఎన్ పోర్టులో. నెట్‌వర్క్‌లో చేరే ప్రతి మెషీన్‌కీ ఒక ఐపీ నంబరు కావాలి, దాన్ని మా రౌటర్ ఇస్తుంది. ఇతని రౌటర్ కూడా నంబర్లు పంచడం మొదలుపెట్టింది. పెళ్ళి భోజనాల దగ్గర ఇద్దరు వేర్వేరు టోకెన్లు పంచితే ఎలా ఉంటుందో అలా అయింది. దాని నంబరు తీసుకున్న మెషీన్లన్నీ దారి లేని సందులోకి పోయాయి. సెట్టింగులు మార్చుకోగలిగే మేనేజ్డ్ స్విచ్‌లు పెట్టి ఉంటే ఇలాంటి దొంగ టోకెన్లని ఆ పోర్టు దగ్గరే ఆపేసే సెట్టింగ్ ఉంటుంది. వరుసకి ఇరవై మెషీన్ల చొప్పున ఆరు వరుసలకీ నేను పెట్టినవి మామూలు 24 పోర్టుల స్విచ్‌లు. ఖర్చు కలిసొస్తుందని.

పై హాల్లో ఫోన్ల వాళ్ళ బాధ వేరే. 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకదానికొకటి అడ్డు రాని చానెళ్ళు మూడే, 1, 6, 11. నేను ఎన్ని వైఫై డబ్బాలు పెడితే అంత రొద. సగం తీసేశాకే బాగా నడిచింది.

ఆదివారం రాత్రి నిద్ర పట్టక, పెద్ద పెద్ద ఈవెంట్లలో ఎలా చేస్తారో చదువుతూ కూర్చున్నాను. స్వీడన్‌లో డ్రీమ్‌హ్యాక్ అని ఉంది, 1994లో మాలుంగ్ అనే చిన్న ఊరి స్కూల్లో మొదలై, తర్వాత యోన్‌షోపింగ్ నగరంలోని పెద్ద ఎగ్జిబిషన్ హాళ్ళకి చేరింది. నార్వేలో ది గ్యాదరింగ్ అని ఇంకోటి, 1994 వింటర్ ఒలింపిక్స్‌కి స్కేటింగ్ కోసం కట్టిన హాల్లో ఈస్టర్ సెలవుల్లో పెడతారు. వేల మంది ఎవరి కంప్యూటర్ వాళ్ళు మోసుకొస్తారు. అంత పెద్ద నెట్‌వర్క్‌ని వాలంటీర్లు వేసి, నాలుగైదు రోజులు నడిపి, మళ్ళీ విప్పేస్తారు. వరుస వరుసకీ స్విచ్, స్విచ్ స్విచ్‌కీ నిఘా. ఇదంతా గురువారం చదవాల్సింది, ఆదివారం చదివాను.

గేమ్స్ ఆడే పిల్లలకి ఒక మాట. కాజీపేట నుంచి ఒక తమ్ముడు, "ఫైబర్ అన్నరు, 300 ప్లాన్ ఏసుకున్న, పింగ్ తగ్గుతలేదు" అని అడిగాడు. ప్లాన్ పెంచితే పింగ్ తగ్గదు తమ్ముడూ. డబ్బు తీసుకునేటప్పుడు మా వాళ్ళు చెప్పాల్సింది. గాజులో కాంతి సెకనుకి సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. ఇక్కణ్ణుంచి హైదరాబాద్ మీదుగా, గేమ్ సర్వర్ ఉండే ముంబై దాదాపు 850 కిలోమీటర్లు. పోయి రావడానికి ఎంత లేదన్నా ఎనిమిదిన్నర మిల్లీసెకన్లు. కేబుల్ వంకరలూ మధ్యలో మెషీన్లూ కలిస్తే 20, 25. ముంబై సర్వర్‌కి ఇంతకంటే తక్కువ నేనివ్వలేను. నీకు 70 వస్తోందంటే మాత్రం లైన్ చుట్టు తిరిగి పోతోంది, లేదా నీ రౌటర్ పక్క గదిలో ఉంది. ముందు కేబుల్ పెట్టి చూడు. అప్పటికీ తగ్గకపోతే అది నా పని, నీ 300 ప్లాన్ తేడా డబ్బు వాపసు ఇచ్చేస్తాను.

ఇక లెక్కలు. అందరి రీచార్జ్‌కీ మూడు రోజులు కలుపుతున్నాను, మీరు ఫోన్ చేయక్కర్లేదు, శుక్రవారం లోపు డేట్ మారి కనిపిస్తుంది. 500 రూపాయల ప్లాన్ మీద మూడు రోజులంటే 50. 900 మందికి 45 వేలు. ఈవెంట్‌లో ఖర్చులు పోగా నాకు మిగిలింది 38 వేలు. ఆ పైన ఏడు వేలు నా చేతిది.

రెండో కంపెనీ దగ్గర ఇంకో 1 జీబీపీఎస్ మాట్లాడాను, వచ్చే నెల మొదటి వారంలో ఇస్తామన్నారు. వాళ్ళిస్తామన్న తేదీని నేను మీకు మాట ఇవ్వను, లైన్ వెలిగాక చెప్తాను. దసరా దాకా రేట్లు పెంచను. ఆ తర్వాత 500 ప్లాన్ మీద ఓ ముప్పై రూపాయలు పెరగొచ్చు, ముందే చెప్తున్నాను. సాయంత్రం వాడకం ఎంత ఉందో ఆ గ్రాఫ్ ప్రింట్ తీసి సోమవారం సోమవారం ఆఫీసు గోడకి అంటిస్తాం. రెండు దాటబోతుంటే మీకూ కనిపిస్తుంది.

అదే ఆర్గనైజర్ వచ్చే ఏడాదికి మళ్ళీ అడిగాడు. ఒప్పుకోవాలనే ఉంది. ఈసారి హాలు లైన్ వేరే, ఇళ్ళ లైన్ వేరే, లైన్ వారం ముందు చేతికి రాకపోతే పనే లేదు అని చెప్పాను. ఇంకా ఏమీ అనలేదు.

అన్నట్టు ఆ తెల్ల రౌటర్ మా ఆఫీసులోనే ఉంది. వెనకాల ఇంకుతో "అమ్మ ఫోన్" అని రాసి, కింద పాస్‌వర్డ్ కూడా రాసి ఉంది. ఎవరిదో వచ్చి తీసుకెళ్ళండి. ఏమీ అనను. ఏ పోర్టులో ఏం పెట్టాలో మాత్రం రెండు నిమిషాలు కూర్చోబెట్టి చూపిస్తాను.