ఉగాది ఉత్సవాల జమా ఖర్చులు: కూల్‌డ్రింకుల పద్దుపై వివరణ

ఒడిశాలోని గంజాం, గజపతి జిల్లాల్లో చదువుకుంటూ ఉగాదికి చందాలిచ్చిన తెలుగు విద్యార్థులకు, పూర్వ విద్యార్థులకు కమిటీ నమస్కారాలు.

జమ: చందాలు (212 మంది, తలా రూ.150) 31,800, పూర్వ విద్యార్థులు 22,000, కూల్‌డ్రింకు కంపెనీ 20,000, సీసాల అమ్మకం 17,760, మిగులు సరుకు అమ్మకం 4,900. మొత్తం రూ.96,460.

ఖర్చు: షామియానా, కుర్చీలు 18,500, మైకు 9,000, పచ్చడి, పులిహోర, మజ్జిగ 14,200, బహుమతులు 6,400, కరపత్రాలు 3,600, కరెంటు, శుభ్రత 2,500, కూల్‌డ్రింకులు 24,480, ఐసు 1,900, కేబుల్ 2,100. మొత్తం రూ.82,680. నిల్వ 13,780.

ఇక అందరూ అడుగుతున్న పద్దు: కూల్‌డ్రింకు కంపెనీ ఇచ్చిన ఇరవై వేలూ మిగిలాయా, కేసులు ఎటు పోయాయి? కంపెనీ ఇరవై వేలు ఊరికే ఇవ్వలేదు. పందిట్లో వాళ్ల బ్యానరే ఉండాలి, మైదానంలో వేరే పానీయం అమ్మకూడదు, 60 కేసులు మనమే కొనాలి, వాపసు లేదు. కేసుకు 24 సీసాలు, ధర రూ.408. అంటే వాళ్లిచ్చిన దానికంటే ముందుగా మనమే 4,480 ఎక్కువ కట్టాం. ఈ మూడో షరతు దగ్గర బేరం ఆడకపోవడం మా తప్పే.

మొదటి రోజు అమ్మకం సీసాలు చల్లబరిచే కూలర్ వల్ల పోయింది. ఉదయం తొమ్మిదికి దించి, ఎండలో వచ్చిన సరుకును సందు లేకుండా పేర్చి, వెనక భాగాన్ని షామియానా గుడ్డకు ఆనించేశారు. వేడి బయటకు పోయే దారి లేదు. మైకుసెట్టు సన్న వైరు నుంచే కరెంటు తీయడంతో వోల్టేజి పడి కంప్రెసర్ పదేపదే ఆగింది. వెచ్చటి సీసాలు చల్లబడాలంటే రాత్రే నింపి ఉంచాలి. మధ్యాహ్నం ఒంటిగంటకూ సీసా గోరువెచ్చగానే ఉంది. ఐసు, లావు కేబుల్ ఖర్చులు అందుకే.

రెండో రోజు కంపెనీ వాళ్లు ఉచిత మజ్జిగ ఆపమన్నారు. ఒప్పంద కాగితంలో "అమ్మరాదు" అనే ఉంది, "పంచరాదు" అని లేదు. ఆపలేదు, ఆపం కూడా. ఇచ్ఛాపురం గోలీసోడా బండిని గేటు బయటకు పంపినందుకు మాత్రం క్షమించాలి.

కనీస కొనుగోలు షరతుకు పెద్ద విశ్వవిద్యాలయాలే చిక్కాయి. కెనడాలో బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయం 1995లో కోకా కోలాతో పదేళ్ల ఒప్పందం చేసుకుంది. షరతులు బయటపెట్టించడానికి విద్యార్థి పత్రిక ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. మన కాగితం మొదటి రోజు నుంచీ నోటీసు బోర్డు మీదే ఉంది, చదివినవారు తక్కువ.

కేసులు ఇళ్లకు మోసుకెళ్లారన్న మాట అబద్ధం. 37 అమ్మాం, 14 కిరాణా కొట్టుకు కేసు రూ.350కి ఇచ్చాం, 9 స్టోర్‌రూమ్‌లో ఉన్నాయి. చిన్న ప్లాస్టిక్ సీసాలోంచి గ్యాసు త్వరగా జారిపోతుంది కాబట్టి గడువులోగా పంచేస్తాం. అన్నీ పోగా ఈ పద్దులో మిగిలింది రూ.14,180, ఇరవై వేలు కాదు.

వేదిక మీద చప్పట్ల మధ్య ప్రకటించిన విరాళాల్లో రూ.9,500 ఇంకా రాలేదు. పేర్లు రాయడం లేదు. రశీదు పుస్తకం, ఓచర్లు ఆదివారం సాయంత్రం చూడొచ్చు.