అమ్మకు వంకరగా కనిపించిన క్యాలెండర్ గళ్ళు: ఆరోగ్య మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా అమ్మకు 68 ఏళ్ళు. ఒకరోజు ఏకాదశి ఎప్పుడో చూద్దామని గోడ క్యాలెండర్ దగ్గరికి వెళ్ళి, "ఈ గళ్ళు గిట్ల వంకర అచ్చేసిన్రేందిరా?" అని అడిగింది. నేను పట్టించుకోలేదు. ఆ తప్పు నాదే.

అప్పటికే ఆరు నెలలుగా ఆమెకు కళ్ళు మంట, ఇసుక పడ్డట్టు గరగర. డ్రై ఐ, అంటే కళ్ళు పొడిబారడం అని చుక్కల మందు రాశారు. అది నిజమే. కానీ చూపు మసకగా ఉందన్న ప్రతిసారీ చుక్కలే మార్చారు. చివరికి ఒక డాక్టరు గారు కంటిపాప పెద్దదయ్యే మందు వేసి కంటి వెనక పొర, రెటీనాను చూశారు. ఎడమ కంటి మాక్యులాలో, అంటే ఎదురుగా ఉన్నదాన్ని చూసే రెటీనా నడిమి భాగంలో, రక్తం కారి, అప్పటికే మచ్చ కట్టింది. వయసుతో మాక్యులా పాడయ్యే ఈ జబ్బును మాక్యులార్ డీజెనరేషన్ అంటారు.

డ్రై ఐ, ఇది, రెండు జబ్బుల్లోనూ ఇన్‌ఫ్లమేషన్ (లోపలి వాపు) ఉంటుంది. డ్రై ఐలో అది కంటి పైపొరలో, కన్నీటి గ్రంథుల్లో. మాక్యులార్ డీజెనరేషన్‌లో రెటీనా అడుగున. ఒకదాని వల్ల రెండోది వస్తుందని రుజువు కాలేదు. అయితే రెండూ వయసుతో పెరిగేవే, ఒకే మనిషికి రెండూ ఉండొచ్చు. మంట పెట్టేదాన్ని చూసుకుంటూ, నొప్పి తెలియనిదాన్ని వదిలేస్తాం. డ్రై ఐ మసక రెప్పలు ఆడిస్తే కాస్త తేరుకుంటుంది. మాక్యులా మసక అలా పోదు. ఎదుటి మనిషి చెవులు కనిపిస్తాయి, ముఖం కనిపించదు.

2018 ఆగస్టు 15న మల్కాపూర్‌లో మొదలైన ప్రభుత్వ కంటి పరీక్షల కార్యక్రమం కంటి వెలుగు, 2023లో రెండో విడతగా మళ్ళీ ఊళ్ళకు వచ్చింది. కళ్ళజోళ్ళు ఇచ్చింది, ఎంతో మేలు. అలాంటి శిబిరాల్లో 50 దాటినవాళ్ళకు ఆమ్స్లర్ చార్టు కూడా చూపించమని నా విన్నపం. గళ్ళ కాగితం, మధ్యలో ఒక చుక్క, అంతే. చదివే అద్దాలు పెట్టుకుని, ఒక కన్ను మూసి చుక్కనే చూడాలి. గీతలు వంగినా, మధ్యలో మాయమైనా ఆ వారంలోనే రెటీనా డాక్టరు దగ్గరికి పంపాలి. ఆశా కార్యకర్త కూడా చూపించగలరు. రక్తనాళాలు కారే వెట్ రకానికి కంట్లో వేసే ఇంజెక్షన్లు ఉన్నాయి, కానీ మచ్చ కట్టకముందే పడాలి. ఒకటి రెండుతో అయ్యేవి కావు. రెటీనా పొరలను చూపించే ఓసీటీ స్కాన్, ఆ ఇంజెక్షన్లు ప్రతి జిల్లా ఆసుపత్రిలో అందేలా చూడండి.

అమ్మకు ఇప్పుడు కుడి కన్నే దిక్కు. రోజూ పొద్దున ఎడమ కన్ను అరచేత్తో మూసుకుని క్యాలెండర్ ముందు నిలబడుతుంది. "ఇయ్యాల సక్కగనే ఉన్నయి బిడ్డా" అన్నాకే నేను పనికి బయల్దేరతాను.

ఇట్లు,
మెదక్ జిల్లా నుంచి ఒక కొడుకు